షెట్లాండ్‌లో చలికాలమంతా ఫొటోలు తీస్తూ బతకడం ఎలా ఉంటుంది?

స్కాట్లాండ్‌కు ఉత్తరాన సముద్రం మధ్యలో ఉన్న షెట్లాండ్ లాంటి చోట, చలికాలంలో జంతువుల ఫొటోలు తీసేవాళ్లు ఆ చలినీ చీకటినీ ఎలా తట్టుకుంటారని అడిగారు. మా ఆవిడ ఉద్యోగం వల్ల కొన్నేళ్లు షెట్లాండ్‌లోని ముఖ్య పట్టణం లెర్విక్‌లో కాపురం ఉన్నాం. తను డ్యూటీకి వెళ్తే నేను కెమెరా వేసుకుని తీరం వెంట తిరిగేవాణ్ని. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చలి సంగతి వదిలేయండి. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటి పుణ్యమా అని జనవరిలో కూడా పగలు 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. మంచు పడినా ఎక్కువ రోజులు నిలవదు. వీడియో కాల్‌లో "ఏదీ, మంచు చూపించరా" అనే చుట్టాలకు నేను చూపించగలిగింది తడి గడ్డీ, గొర్రెలూ. అక్కడ మనిషిని ఏడిపించేది గాలి. కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపకపోతే తలుపు తీయగానే విరిచి అవతల పారేస్తుంది. చాటుకు నిలబడదామంటే చెట్లు దాదాపు లేవు, రాతి గోడే దిక్కు. గాలి ముదిరితే అబర్‌డీన్ నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చే ఓడ ఆగిపోతుంది, అది ఆగితే అంగట్లో పాలూ బ్రెడ్డూ ఖాళీ.

ఇక చీకటి. డిసెంబరు 21 ప్రాంతంలో పగలు 6 గంటలు కూడా ఉండదు, నిజమే. కానీ ఫొటోలు తీసేవాడికి అంతకన్నా మంచి కాలం లేదని నేను గట్టిగా చెప్తాను. అది 60 డిగ్రీల అక్షాంశం, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 7 డిగ్రీల ఎత్తుకు చేరడు. మన దగ్గర పొద్దున్నే కాసేపు ఉండి పోయే ఆ ఏటవాలు పసుపు వెలుగు అక్కడ పగలంతా ఉంటుంది. మబ్బు లేకపోతే. ఆ మబ్బు లేని రోజు కోసమే వారాల తరబడి కాచుకోవాలి, అసలు టెన్షన్ అంతా అదే.

ఒక రోజు అలా తెరిపి ఇస్తే టాఫ్ట్ దగ్గర ఫెర్రీ ఎక్కి యెల్ దీవికి వెళ్లాను. నాకు కావాల్సింది నీటికుక్క. కాకినాడ దగ్గర పుట్టినవాణ్ని, కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు ఉంటాయని చిన్నప్పటి నుంచీ వినడమే తప్ప ఒక్కటీ కనబడలేదు. షెట్లాండ్‌వి వేరే జాతి, పైగా పట్టపగలే తిరుగుతాయి. దాని చూపు అంతంతమాత్రమే కానీ ముక్కు భయంకరం, కాబట్టి గాలి దాని వైపు నుంచి మన వైపు వీచేలా చూసుకోవాలి. అది మునగ్గానే లేచి పరిగెత్తాలి, అర నిమిషం లోపే తేలుతుంది, తేలే లోపు ఎక్కడివాళ్లం అక్కడ స్టాచ్యూ ఆట ఆడే పిల్లల్లా బిగుసుకుపోవాలి. చిన్న చేపైతే నీళ్లలోనే నమిలేస్తుంది, పెద్దదైతే ఒడ్డుకు తెస్తుంది. నేను జారుడు నాచు మీద బోర్లా పడుకుని, మోచేతుల కింద నీళ్లు ఊరుతుంటే, పెద్ద చేప పడాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. పడింది! తల్లి, వెనకాలే రెండు పిల్లలు, నేరుగా నా ముందున్న రాయి ఎక్కాయి. ఎంత దగ్గరంటే ముల్లు పటపటమని విరగడం వినబడింది. తిన్నాక పిల్లలు ఆ చేప తోక కోసం కొట్టుకుంటుంటే తల్లి వాటిని వదిలేసి పక్కనే ఉన్న మంచినీటి గుంటలో దొర్లింది. ఉప్పు కడుక్కోకపోతే ఆ బొచ్చు చలిని ఆపదు, అందుకే మంచినీళ్లు లేని చోట అవి ఉండవు. పటం చూసి వాగు సముద్రంలో కలిసే చోటు వెతుక్కుంటే సగం పని అయినట్టే.

ఇంత చెప్పాక కూడా జనం అడిగేది ఒక్కటే, ఉత్తర ధ్రువ కాంతులు చూశారా అని. చూశాను. కెమెరాలో పచ్చగా వెలిగిపోతాయి, కంటికి చాలాసార్లు బూడిదరంగు పొగలా ఉంటాయి. వాటి కోసమే అంత దూరం వెళ్లడం నా దృష్టిలో దండగ.

కరెంటు కూడా నమ్మడానికి లేదు. 2022 డిసెంబరులో తీగల మీద మంచు పేరుకుని తెగిపోతే వేల ఇళ్లకు కరెంటు పోయింది, యెల్ లాంటి చోట్ల రోజుల తరబడి రాలేదు. బ్యాటరీలు కారులో ఛార్జ్ చేసుకునే ఏర్పాటు ఉండి తీరాలి.

డబ్బుల సంగతి అడగలేదు గానీ చెప్తాను, చలికాలంలో రావు. వేసవిలో పఫిన్లనే సముద్రపు పక్షుల కోసం వచ్చే టూరిస్టులను తిప్పి సంపాదించుకున్నదే చలికాలం తినాలి. ఇంకో మాట, నీటికుక్క కనబడిన చోటు లొకేషన్‌తో సహా గ్రూపుల్లో పెట్టకండి. మర్నాటికి పది మంది దిగుతారు. దాని బొరియ దగ్గర అలజడి చెయ్యడం అక్కడ నేరం కూడా.

ఏ లెన్స్ కొనాలి అని ఎలాగూ అడుగుతారు. ముందు మంచి వాటర్‌ప్రూఫ్ ప్యాంటు కొనుక్కోండి, మిగిలిన డబ్బుతో ఏ లెన్స్ వస్తే అది.