కొన్ని పాత ఫొటోల్లో బ్రిటిష్ స్టీమ్ ఇంజన్లు బూడిద రంగులో ఎందుకుంటాయి?

అది ఫొటో కోసం వేసిన రంగే. అప్పట్లో కెమెరాలో ఫిల్మ్ బదులు వాడిన గాజు ప్లేట్లకు ఎరుపు సరిగా పట్టేది కాదు. మిడ్లాండ్ రైల్వే అనే బ్రిటిష్ కంపెనీ ముదురు ఎరుపు ఇంజన్లు, బోగీలు నల్లగా పడేవి. పైగా పెయింట్ మెరిస్తే రివెట్లు, పైపులు కనబడవు. అందుకే ఫ్యాక్టరీలో కొత్త ఇంజన్‌కు మెరుపు లేని బూడిద రంగు పూసి, తెలుపు నలుపు గీతలు దిద్ది ఫొటో తీసేవారు. ఒక్కోసారి కెమెరా వైపు మాత్రమే! ఆ తర్వాతే అసలు రంగు. వెనకున్న షెడ్డు, మనుషులు కనబడకుండా నెగటివ్ మీద రంగు పూసేసేవారు కూడా. కాబట్టి వెనకంతా తెల్లగా ఉంటే అది ఫ్యాక్టరీ ఫొటో అయ్యుండొచ్చు. పొగ, మసి, ప్లాట్‌ఫామ్ మీద జనం ఉంటే మాత్రం సర్వీసులో ఉన్న బండే.