మా నాయన ద్రౌపది, నేను దుశ్శాసనుడు

"వచ్చే ఏడాది మా ఊరి తిరునాళ్ళలో మా ఇంట్లోవాళ్ళమే కలిసి ఒక రాత్రి పౌరాణికం వేద్దామనుకుంటున్నాం. ఆరుబయటే, స్టేజీ కూడా ఉండదు. పిల్లలూ ఉంటారు. ఇలా ఇంటిల్లిపాదీ కలిసి రిహార్సల్ చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఎన్ని రోజులు పడుతుంది? గొడవలు వస్తాయా?" అని అడిగారు.

గొడవలు వస్తాయి. ముందు అది చెప్పేస్తే మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మాది ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పడమటి వైపు ఒక పల్లె. ధర్మరాజుల గుడి ఉంది, అంటే పాండవులూ ద్రౌపదమ్మవారూ కొలువుండే గుడి. మా వైపు ఈ గుడి ఉన్న ఊళ్ళలో వేసవిలో, పంటలు ఇంటికొచ్చాక, భారతం జరుగుతుంది. పర్వాలు 18, యుద్ధం 18 రోజులు, మా తిరునాళ్ళూ 18 రోజులే. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. చూడని వాళ్ళకు ఇది వట్టి నాటకం అనిపించొచ్చు గానీ, ఆ రోజుల్లో ఊరంతా ఆటలోనే ఉంటుంది. బకాసుర వధ నాడు భీముడు ఎద్దుల బండెక్కి వీధివీధీ తిరిగితే ఇంటింటి నుంచీ అన్నం, పిండివంటలు బండిలోకి వస్తాయి. అర్జున తపస్సు నాడు అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కి పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. చివరి రోజు దుర్యోధనుణ్ణి మట్టితో నేల మీద పెద్ద బొమ్మగా పడుకోబెడతారు. భీముడు తొడ పగలగొడతాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, సాయంత్రం నిప్పులగుండం తొక్కుతారు.

మామూలుగా మా ఊరికి బయటి నుంచి ఒక మేళం వచ్చేది. 2020, 2021 రెండేళ్ళూ కరోనాతో భారతం ఆగిపోయింది. 2022లో మళ్ళీ పెట్టుకుందామనేసరికి ఆ మేళంలో సగం మంది లేరు. కొందరు పోయారు, కొందరు బెంగుళూరులో సెక్యూరిటీ పనుల్లో కుదురుకున్నారు. "జూదం, వస్త్రాపహరణం రాత్రి మాత్రం మీ ఊరివాళ్ళే వేసుకోండి, మిగతావి మేం లాగిస్తాం" అన్నారు ఉన్నవాళ్ళు. మా తాత ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరున్న ద్రౌపది. ఊరి పెద్దలు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. మా తాత సరే అనేశాడు, మమ్మల్ని ఎవరినీ అడక్కుండా.

వేషాలు పంచుకోవడానికి పది నిమిషాలు పట్టలేదు. మా నాయన ద్రౌపది. చిన్నాయన దుర్యోధనుడు. చిన్నాయన కొడుకు ధర్మరాజు. మేనత్త కొడుకు, అంటే మా బావ, శకుని (ఊళ్ళో ఎవరూ దానికి ఆశ్చర్యపోలేదు). 12 ఏళ్ళ మా అక్క కొడుకు వికర్ణుడు. నేను దుశ్శాసనుడు. ఇక్కడ ఆడవేషాలు మగవాళ్ళే కట్టడం పాత రివాజు. సురభి నాటక సమాజం వాళ్ళు కడప జిల్లాలో 1885లో కీచకవధతో మొదలుపెట్టి, ఆ తర్వాత ఆడవాళ్ళనీ పిల్లలనీ కూడా రంగం ఎక్కించి ఇల్లే మేళంగా చేసుకున్నారు గానీ, మా వీధినాటకాల దాకా ఆ గాలి రాలేదు. మా జేజికీ (నాయనమ్మ) అమ్మకూ ఆటంతా నోటికొచ్చు, ఒక్క రాత్రి కూడా గజ్జె కట్టలేదు. అది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. మా అమ్మ వంటింట్లో తిరగమోత వేస్తూనే "ఆ మాట అది కాదు" అని అరిచి దిద్దేది. తాత మరిచిపోయిన దరువు (వేషగాడు ఆడుతూ పాడే పాట) జేజి అందించేది. ఆయన దానికి ఒప్పుకునేవాడు కాదు, "నేను అదే చెప్పబోతున్నా" అనేవాడు.

మీరు అడిగిన రోజుల లెక్క: మేము 40 రోజులు చేశాం, అది చాలలేదు. అందులో నేను బెంగుళూరు నుంచి శని, ఆదివారాలు మాత్రమే వచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో నాయన దరువులు పాడి వాట్సాప్‌లో పంపిస్తే బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నేర్చుకున్నాను. పాట అలా వస్తుంది. ఆట రాదు. ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి పలికేదాకా మనకు వచ్చిందో లేదో తెలియదు.

నాకు అసలు చిక్కు అక్కడే వచ్చింది. ద్రౌపది దగ్గరికి వెళ్ళి "ఒసే, లేవే" అని జుట్టు పట్టుకుని ఈడ్చాలి. ఎదురుగా లుంగీ కట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని మా నాయన. పుట్టినప్పటి నుంచి ఆయన ముందు గట్టిగా తుమ్మింది కూడా లేదు. మొదటి వారం నా నోట "రావమ్మా" అనే వచ్చింది. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. రెండో వారం "ఒసే" అన్నాను గానీ తల దించుకుని అన్నాను. తాత చేతికర్ర నేలకేసి కొట్టి, "మీ నాయనను పిలవద్దురా, ద్రౌపదిని పిలు" అన్నాడు. చెప్పడం తేలికే.

దారి చూపించింది నాయనే. ఒకరోజు మిద్దె మీదకు జేజి పాత చీర కట్టుకుని, సవరం పెట్టుకుని, గజ్జెలు కట్టుకుని వచ్చాడు. "నాయనా, మొదలుపెడదామా" అన్నాను. పలకలేదు. రెండోసారీ పలకలేదు. మా అక్క కొడుకు "తాతా" అన్నా తిరగలేదు. గజ్జె విప్పేదాకా ఆ రాత్రి ఆయన ఎవరికీ నాయన కాదు, ఎవరికీ అన్న కాదు. ఆ రోజు నుంచి అదే కట్టుబాటు చేసుకున్నాం: గజ్జె కట్టాక వరసలు పెట్టి పిలవకూడదు. తాతకు కాఫీ తెచ్చిన అమ్మ కూడా "ద్రౌపదమ్మకు కూడా ఇవ్వమంటారా" అని అడిగేది. మీరు నా జవాబులో ఒక్కటే పట్టుకెళ్ళాలనుకుంటే ఇది పట్టుకెళ్ళండి. ఇంట్లోవాళ్ళతో రిహార్సల్ కష్టమయ్యేది పద్యాలు రాక కాదు, వరసలు వదలక.

వరసలు వదిలినా పాత పగలు వదలవు. మా నాయనకూ చిన్నాయనకూ ఉమ్మడి బోరు మీద ఎన్నో ఏళ్ళుగా తగాదా ఉంది. కరెంటు ఇచ్చే గంటల్లో ఎవరి వంతు ఎప్పుడన్నదే గొడవంతా. జూదం ఘట్టంలో ధర్మరాజు ఒక్కొక్కటే ఒడ్డుతుంటే మా బావ శకుని సొంత కవిత్వం కలిపి, "ఇంకేముంది ధర్మరాజా, ఆ బోరు కూడా ఒడ్డు" అన్నాడు. చుట్టూ చూస్తున్నవాళ్ళు గొల్లుమన్నారు. చిన్నాయన మాత్రం పాచికలు విసిరేసి మిద్దె దిగి వెళ్ళిపోయాడు. మూడు రోజులు దుర్యోధనుడు లేకుండానే రిహార్సల్ నడిచింది. చివరికి జేజి వెళ్ళి, "బోరు సంగతి పట్టాభిషేకం అయ్యాక తేల్చుకోండిరా, అమ్మవారి ముందు కాదు" అని చెప్పి పిలుచుకొచ్చింది. ఆ తర్వాత కల్పనలు ఏవైనా ముందు తాతకు వినిపించి, ఆయన ఒప్పుకుంటేనే వాడాలన్నాం. వీధినాటకంలో కల్పన లేకపోతే ఉప్పు లేని కూడే, కాదనను. ఇంటి గుట్టు మాత్రం అందులో పడకూడదు.

ఇక ఆరుబయట సంగతి. మిద్దె మీద మా గొంతులు బాగానే ఉన్నాయనుకున్నాం. పది రోజులుందనగా పంట కోసిన కయ్యలో (మడిలో) నిలబడి పాడితే అసలు రంగు బయటపడింది. చుట్టూ గోడలు లేవు, మాట పోయినట్టే పోయి గాలిలో కలిసిపోతుంది. తాత మమ్మల్ని చెరువు కట్టకు ఒక చివర నిలబెట్టి తాను రెండో చివర కూర్చున్నాడు. వినపడకపోతే తువ్వాలు ఎత్తేవాడు. మొదటి సాయంత్రం ఆ తువ్వాలు కిందికి దిగితే ఒట్టు. అరిచి గొంతులు బొంగురుపోయాక చెప్పాడు: అరవద్దు, మాట చివరి అక్షరం మింగకుండా పలకండి, అదే వినబడుతుంది అని. నిజంగానే మూడో రోజుకు తువ్వాలు దిగింది. ఇప్పుడు మైకులున్నాయి కదా అంటారేమో. మైకు తాడుకు వేలాడుతూ ఒకచోటే ఉంటుంది, దుశ్శాసనుడు ఉండడు.

వంత పాడేవాళ్ళను రిహార్సల్‌కు మొదటి నుంచీ పిలవండి. మన పాట చరణాన్ని వాళ్ళు అందుకుని తిప్పితేనే మనకు ఊపిరి తీసుకునే సందు. గజ్జెలు, కిరీటం, భుజకీర్తులు కూడా చివరి రోజుకు దాచిపెట్టొద్దు. గజ్జెలు కట్టుకుని అడుగు వేస్తే మన మాటే మనకు వినబడదు, ఎక్కడ అడుగు ఆపి మాట అనాలో ముందే తేల్చుకోవాలి. కిరీటం పెట్టాక మెడ తిరగదు. నేను ఆట మొదట్లో సగం సేపు పక్కవాడు వినిపించక అడ్డదిడ్డంగా జవాబులు చెప్పాను.

చీరల పని వేరే కథ. ఏడు చీరలు ఒకదాని కొసకు ఇంకొకటి ముడేసి నాయనకు చుట్టాం. పైవి రంగు చీరలు, అన్నిటికంటే లోపలిది పసుపు చీర, అది మాత్రం తీయకూడదు. మొదటిసారి నేను లాగుతుంటే నాయన బొంగరంలా తిరిగాడు. మూడో చీరకు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. 58 ఏళ్ళ మనిషి, బీపీ మాత్రలు వేసుకుంటాడు. అమ్మ ఇక ఆట వద్దు గీట వద్దు అంది. అప్పుడు తాత తన పాత కిటుకు చెప్పాడు: ద్రౌపది రెండు చేతులూ పైకెత్తి కదలకుండా నిలబడుతుంది, దుశ్శాసనుడే చుట్టూ తిరుగుతూ లాగాలి. చూసేవాళ్ళకు అదే బాగుంటుంది, అలిసిపోయి కూలేది దుశ్శాసనుడు కదా, కథలోనూ అంతే. ఇలాంటివి పుస్తకంలో ఉండవు, ఇంట్లో ముసలివాళ్ళ దగ్గర ఉంటాయి. అడిగితేనే బయటికొస్తాయి.

పిల్లల గురించి: వాళ్ళకు పద్యం రావడం సమస్య కాదు, మనకంటే ముందే వస్తుంది. నిద్ర సమస్య. ఆట పది దాటాక మొదలై తెల్లవారుజాము దాకా నడుస్తుంది. మా వికర్ణుడి ఘట్టం రెండు గంటలకు. అందుకని చివరి వారం వాణ్ణి మధ్యాహ్నం పడుకోబెట్టి, రాత్రి సరిగ్గా రెండింటికి లేపి వాడి భాగం ఒక్కటే చెప్పించాం. అయినా ఆ రాత్రి వాడు హార్మోనియం పక్కన నిద్రపోయాడు. ముఖాన నీళ్ళు చల్లితే లేచి, తనను తాను ఓడినవాడికి భార్యను ఒడ్డే హక్కు ఎక్కడిదని నిండు సభలో ఒక్క పొల్లు పోకుండా అడిగి, మళ్ళీ అక్కడే పడుకున్నాడు.

ఇంకొకటి, భక్తితో వేసే ఆట కాబట్టి ఇంటి నియమాలు కూడా రిహార్సల్‌లో భాగమే అనుకోండి. కంకణం కట్టుకున్నాక మాంసం, మందు లేవు, పడక చాప మీద. వేషం కట్టని వాళ్ళకూ అదే తిండి. ఆ రోజులన్నీ ఉప్మా, పప్పు తిని మా బావ చిక్కిపోయాడు. అతని భుజకీర్తులకు గుడ్డలు కుక్కాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఎలా జరిగిందంటే, తప్పులతోనే జరిగింది. నేను సభలోకి వచ్చి రెండో దరువు మొదట్లోనే మరిచిపోయాను. వంతవాళ్ళు ముందు చరణాన్నే మూడుసార్లు తిప్పారు. చాప మీద కూర్చున్న అమ్మ పెదవులు కదిలించింది, పట్టుకున్నాను. వస్త్రాపహరణానికి ముందు ఆట ఆపి కర్పూరం వెలిగించారు. నాయన చేతులు పైకెత్తగానే మైదానమంతా "గోవిందా, గోవిందా" అంది. నలభై రోజులు ప్రాక్టీస్ చేసినా ఆ అరుపును ప్రాక్టీస్ చేయలేదు కదా, నా చేతులు వణికాయి. ఎదురుగా ఉన్నది నాయన అని గానీ, నేను నేనని గానీ అప్పుడు గుర్తు లేదు. చీరలు ఎన్ని లాగానో లెక్క కూడా తప్పింది.

తెల్లవారాక గుడి ముందు గజ్జెలు విప్పి నాయన కాళ్ళ మీద పడ్డాను. దుశ్శాసనుడు కట్టినవాడు అలా చేయాలి. ఆయన లేపి, "ఐదో చీర దగ్గర తొందరపడ్డావు" అన్నాడు. నడుము పట్టేసి నడవలేకపోతుంటే చిన్నాయన కిరీటం సంచిలో పెట్టుకుని, నాయనను బండి వెనక కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దించాడు. లోపలికి రాకుండా అటునుంచి అటే బోరు స్విచ్ వేయడానికి వెళ్ళాడు. ఆ రోజు వంతు మాది. మా కయ్యకు నీళ్ళు వదలడానికి వెళ్ళాడో, తన కయ్యకు మళ్ళించుకోవడానికి వెళ్ళాడో చూసే ఓపిక ఆ పొద్దున మాలో ఎవరికీ లేదు.