సాక్షి మాట మార్చాడు: పర్జురీ ప్రాక్టీస్‌తో నిలదొక్కుకోవచ్చా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌బీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. మేజిస్ట్రేట్ ముందు ప్రమాణం చేసి ‘కర్రతో కొట్టడం చూశాను’ అన్న సాక్షి, సెషన్స్ కోర్టులో ‘చూడలేదు’ అనడం ఇంటర్న్‌షిప్‌లో గమనించాను. పర్జురీ (ప్రమాణం చేసి అబద్ధపు సాక్ష్యం చెప్పడం) కేసులే చూసే లాయర్‌గా స్థిరపడొచ్చా?

జవాబు: అదొక్కటే నమ్ముకుంటే ఆఫీసు అద్దె కూడా గిట్టదు. అబద్ధపు సాక్ష్యం మీద ప్రైవేటు ఫిర్యాదు కుదరదు. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 215 ప్రకారం రాతపూర్వక ఫిర్యాదు కోర్టు వైపు నుంచే రావాలి. మీరు వేయగలిగేది 379 కింద (పాత సీఆర్‌పీసీ 340) పిటిషన్. సాక్షి అబద్ధమాడినట్టు కనిపిస్తే సరిపోదు, చర్య తీసుకోవడం న్యాయప్రయోజనాల కోసం అవసరమని కూడా కోర్టుకు అనిపించాలి. 2005లో ఇక్బాల్ సింగ్ మార్వా కేసులో సుప్రీంకోర్టు నొక్కి చెప్పింది ఇదే. పిటిషన్ కొట్టేస్తే 380 కింద అప్పీలుకు వెళ్లొచ్చు.

మీరు చూసిన సాక్షి లాంటివాడు చట్టంలోనే ఉన్నాడు! బీఎన్‌ఎస్‌ఎస్ 244వ సెక్షన్‌లోని ఉదాహరణ దాదాపు అదే కథ. రెండూ ప్రమాణం మీద చెప్పినవైతే, ఏది అబద్ధమో తేల్చకుండానే ప్రత్యామ్నాయ అభియోగం (ఇదో అదో, ఏదో ఒకటి అబద్ధమని) మోపి శిక్షించవచ్చు. బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 229 కింద 7 ఏళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. 2024 జులై 1కి ముందు ఇచ్చిన అబద్ధపు సాక్ష్యమైతే ఐపీసీ 193 వర్తిస్తుంది.

జూనియర్లు బోల్తాపడేది సీఆర్‌పీసీ 161 స్టేట్‌మెంట్ (ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 180) దగ్గర. పోలీసులు రాసుకునే ఆ వాంగ్మూలానికి ప్రమాణం లేదు, సాక్షి సంతకమూ ఉండదు. కోర్టులో దానికి విరుద్ధంగా చెప్పాడని ఈ ప్రత్యామ్నాయ అభియోగం మోపలేరు. అది క్రాస్‌లో (సాక్షిని ఎదుటి పక్షం ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్‌లో) వాడుకునే సరుకు. మేజిస్ట్రేట్ ప్రమాణం చేయించి తీసుకునేది 164 స్టేట్‌మెంట్ (ఇప్పుడు 183).

క్రాస్‌లో వైరుధ్యాన్ని మార్క్ చేయడం మాత్రం గట్టిగా నేర్చుకోండి. డిఫెన్స్‌కు వెళ్లినా, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయినా రోజూ పనికొచ్చే విద్య అది. 161లోని ఆ వాక్యాన్నే సాక్షికి చదివి వినిపించాలి (భారతీయ సాక్ష్య అధినియమం 148). ‘నేనలా చెప్పలేదు’ అంటే, ఆ భాగాన్ని దర్యాప్తు అధికారి చేత రుజువు చేయించి డిఫెన్స్ తరఫునైతే డి-సిరీస్ ఎగ్జిబిట్‌గా (కోర్టు రికార్డులో నంబరు వేసిన పత్రంగా) మార్క్ చేయించాలి. అధికారి బోనెక్కినప్పుడు ఆ ఒక్క ప్రశ్న మరిచారా, వైరుధ్యం రుజువు కానట్టే. ఎంత దూరం నుంచి చూశాడు, ఎన్ని గంటలకు చూశాడు వంటి చిన్నాచితకా తేడాల వెంట పడకండి.

తీర్పు వచ్చేసిన సెషన్స్ కేసు ఫైలొకటి మీ సీనియర్‌ను అడిగి తీసుకోండి. పోలీసు వాంగ్మూలం ఒక పక్క, కోర్టు సాక్ష్యం ఇంకో పక్క, సాక్షి మాటలు మార్చకుండా పేజీ నంబర్లతో రాయండి. తర్వాత తీర్పు తెరిచి, మీరు పట్టుకున్నవాటిలో జడ్జి వేటిని లెక్కలోకి తీసుకున్నారో పోల్చుకోండి.