పడుకున్నప్పుడు నాలుగణాలు, దగ్గితే పద్నాలుగు

"బైపాస్ అయినవాళ్లను నొప్పి పదికి ఎంత అని అడుగుతారు కదా, ఆ నంబర్‌ను నమ్మొచ్చా?" అని అడిగారు. పడుకున్నప్పుడు చెప్పిన నంబర్‌ను మాత్రం నమ్మొద్దు. దగ్గించి అడగాలి.

మాది దేవరకొండ దగ్గర ఊరు, బత్తాయి తోట ఉంది. నాయినకు పోయినేడు హైదరాబాద్‌లో బైపాస్ చేశారు. మూడో రోజు పొద్దున సిస్టర్ వచ్చి, "సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఓర్చుకోలేనంత. ఎంత చెప్తావ్ తాతా?" అంది. "రెండు" అన్నాడు. రాసుకుని పోయింది.

పది నిమిషాలకు ఫిజియోథెరపీ అబ్బాయి దగ్గమన్నాడు. నాయిన దిండును ఛాతీకి అదుముకుని సగం దగ్గి ఆపేశాడు. కాలివేళ్లు ముడుచుకుపోయాయి. దుప్పటి పిడికిట్లోంచి వదల్లేదు. మూడు బంతుల డబ్బాలో గాలి పీల్చమంటే ఒక్క బంతీ లేవలేదు.

"నిజం చెప్పు నాయినా, రూపాయిల ఎన్నణాల నొప్పి?" అన్నాను.

"పండుకుంటే నాలుగణాలు. దగ్గితే పద్నాలుగు బిడ్డా."

రూపాయికి పదహారణాలు కాబట్టి నాలుగణాలంటే పదికి రెండున్నర. ఆయన అబద్ధం చెప్పలేదు. పడుకున్న మనిషిని అడిగారు, పడుకున్నప్పటి నొప్పే చెప్పాడు. కానీ రొమ్ము ఎముక కోసి తీగలతో కట్టిన మనిషి నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం లోపలే ఉండిపోతుంది, నిమోనియా దాకా పోతుంది. అందుకే దగ్గినప్పటి లెక్కే అసలు లెక్క.

చూడటానికొచ్చిన చుట్టాలది ఇంకో బాధ. "మా తోడల్లుడు నెలకే ట్రాక్టర్ ఎక్కిండు" అంటారు. అది విన్నాక ఏ రైతు నొప్పి అని నోరు తెరుస్తాడు? ఎముక అతకడానికే రెండు మూడు నెలలు పడుతుంది. దయచేసి అలాంటి మాటలు వార్డులో మాట్లాడకండి.

నోట్లో గొట్టం ఉండి మాట్లాడలేనివాళ్లకు సీపాట్ అనే కొలత ఉంది. ముఖం, ఒంటి కదలిక, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో ఊపిరి కుదురుతుందా లేదా చూసి, ఒక్కోదానికి రెండు చొప్పున ఎనిమిదికి వేస్తారు. కెనడా నర్సులు 2006లో దాన్ని పరీక్షించి చూపింది గుండె ఆపరేషన్ పేషెంట్లలోనే. మాట్లాడగలిగే మా నాయిన లాంటివాళ్లనూ అలాగే చూడాలంటాను.

అణాల సంగతి సిస్టర్‌కు చెప్పాను. ఆమె డాక్టర్‌ను అడిగి, దగ్గించే ముందే నొప్పి మందు అందేలా చూసింది. ఆ సాయంత్రం రెండు బంతులు లేచాయి. డిశ్చార్జ్ దాకా ఆమె అడిగే తీరే మారింది: "దగ్గి చెప్పు తాతా, ఎన్నణాలు?"