ఎల్‌కేజీ సీటు కోసం గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: సార్, మాది విజయనగరం. మా పాపకి మూడున్నరేళ్ళు. మావారు బొబ్బిలిలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు. నేను ఇక్కడే ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇద్దరిదీ కలిపి నెలకి 72 వేలు చేతికొస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 17 వేలు. బ్యాంకులో 2.3 లక్షలున్నాయి. విశాఖలో పేరున్న స్కూళ్ళు అయిదింటికి అప్లై చేద్దామనుకుంటున్నాం. ఒకచోట ఏడాదికి 1.2 లక్షల ఫీజు, పైన 1.5 లక్షల డొనేషన్ అన్నారు. మా తోటికోడలి బాబు అక్కడే చదువుతున్నాడు. డొనేషన్ కోసం నా గాజులు బ్యాంకులో పెట్టొచ్చా?

జవాబు: గాజులు చేతికే ఉండనివ్వండమ్మా. డొనేషన్ సంగతి తర్వాత చెప్తాను. ముందు మీరు రాయని విషయం ఒకటి అడగాలి. పాప ఎక్కడ ఉంటుంది?

విజయనగరం నుంచి విశాఖ దగ్గర దగ్గర అరవై కిలోమీటర్లు. మూడున్నరేళ్ళ పిల్లని రోజూ పొద్దున్నే బస్సెక్కించి అంత దూరం పంపలేరు. అంటే మీరూ పాపా అక్కడ అద్దెకి ఉండాలి, మీవారు బొబ్బిలికి దగ్గరలో ఇక్కడే ఉండాలి. రెండు కాపురాలు. ఊరి చివర చిన్న వాటా పది వేలకి దొరికిందనుకున్నా ఏడాదికి 1.2 లక్షలు. అచ్చంగా స్కూలు ఫీజంత! కట్టాల్సింది 1.2 కాదు, 2.4 లక్షలు. మీ ఇద్దరి సంపాదన ఏడాదికి 8.64 లక్షలు కాబట్టి వందలో 28 రూపాయలు ఎల్‌కేజీకే పోతాయి. అక్కడ మీకు వెంటనే ఉద్యోగం దొరక్కపోతే ఆ వంద కూడా వంద ఉండదు.

అద్దె లేదనే అనుకుందాం. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా 14 ఏళ్ళు. ఫీజు ఏటా 10 శాతం, మీ జీతాలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుని లెక్క కట్టాను. మొదటి ఏడాది వందలో 14 రూపాయలు. అయిదో తరగతికి ఫీజు 2.13 లక్షలు, అంటే వందలో 17. పదో తరగతికి 3.42 లక్షలు, వందలో 21. పాప పెద్దదయ్యేకొద్దీ బరువు తగ్గదు, పెరుగుతుంది. అందుకే కట్టగలమా లేదా అన్నది ఎల్‌కేజీ ఫీజు చూసి కాదు, పదో తరగతి ఫీజు చూసి తేల్చుకోవాలి. మధ్యలో కట్టలేక తొమ్మిదో తరగతిలో పిల్లని వేరే స్కూలుకి మార్చిన వాళ్ళు నా దగ్గరికొస్తుంటారు. ఎల్‌కేజీలో సీటు రాని వాళ్ళకంటే వాళ్ళ బాధే ఎక్కువ.

ఇక డొనేషన్. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం మామూలు ఫీజు పైన గుంజే డబ్బు, వద్దని మన రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. 2009 విద్యా హక్కు చట్టంలో 13వ సెక్షన్ కూడా అదే చెప్తుంది, పట్టుబడితే తీసుకున్న దానికి పది రెట్ల దాకా జరిమానా. అయినా అడుగుతారు. అడిగితే రసీదు ఇవ్వమనండి, అక్కడే తేలిపోతుంది. పన్నులోనూ కలిసిరాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి 1.5 లక్షల పరిమితిలో మినహాయింపు వచ్చేది ట్యూషన్ ఫీజుకే. డొనేషన్‌కి రాదు, డెవలప్‌మెంట్ ఫీజుకీ రాదు. గాజుల మీద లోనుకి 12 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 18 వేలు. రసీదు లేని డబ్బుకి వడ్డీ కట్టడం అన్నమాట.

అయిదు అప్లికేషన్లు ఎందుకు? మా వాడికి నేనూ ఒక డిసెంబరులో నాలుగు ఫారాలు కొన్నాను. ఒకచోట వంకాయ బొమ్మ చూపించి రంగు అడిగారు. వాడు 'ఆకుపచ్చ, తెల్ల చారలు' అన్నాడు. మా పెరట్లో కాసేవి అవే మరి. సీటు రాలేదు, ఫారం డబ్బులూ రాలేదు. మీరు మూడు చాలనుకోండి, అందులో రెండు విజయనగరంలోనివే పెట్టుకోండి. ఫారం కొనేముందు ఎల్‌కేజీ ఫీజు ఎంతని అడక్కండి, మూడేళ్ళుగా అయిదో తరగతి, పదో తరగతి ఫీజులు ఎంతున్నాయో అడగండి. మధ్యలో మానేస్తే ఏది వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. కౌంటర్‌లో చెప్పకపోతే స్కూలు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడండి, పెద్ద తరగతుల పిల్లల తల్లులు పైసలతో సహా చెప్తారు.

ఇక్కడ 45 వేల స్కూలులో వేశారనుకోండి. అదే 10 శాతం పెరుగుదలతో 14 ఏళ్ళకి 12.6 లక్షలు అవుతుంది, విశాఖలో అయితే 33.6 లక్షలు. తేడా 21 లక్షలు. మొదటి ఏడాది తేడా నెలకి 6 వేల చిల్లర. అందులో 3 వేలు పాప పేరున పోస్టాఫీసులో సుకన్య ఖాతాలో వేయండి. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతం చేశారు. పాపకి 18 ఏళ్ళు నిండినా, పదో తరగతి పాసైనా చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. మిగతా 3 వేలు ఇండెక్స్ ఫండ్‌లో (షేర్ మార్కెట్ సూచీ వెంట నడిచే మ్యూచువల్ ఫండ్) సిప్, అంటే నెలనెలా వేయడం. బ్యాంకులో ఉన్న 2.3 లక్షలు మాత్రం కదపకండి. ఈఎంఐ ఉన్న ఇంట్లో అది ఆసుపత్రి ఖర్చుకీ ఉద్యోగం పోయిన నెలలకీ.

ఎల్‌కేజీ సీటు పోతే తలుపులన్నీ మూసుకున్నట్టు కాదు. ఆరేళ్ళు నిండాక ఒకటో తరగతికి కేంద్రీయ విద్యాలయానికి అప్లై చేయొచ్చు, వస్తే అదృష్టం. ఆరో తరగతికి పరీక్ష రాసి కోరుకొండ సైనిక్ స్కూలుకి వెళ్ళొచ్చు, ఇప్పుడు ఆడపిల్లల్నీ తీసుకుంటున్నారు. నవోదయ కూడా ఆరో తరగతి నుంచే. కాకపోతే అయిదో తరగతి ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లా నవోదయకే రాయాలి. విశాఖకి మారే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

ఈ పండక్కి తోటికోడలు వచ్చినప్పుడు, బాబుని చేర్పించిన ఏడు ఎంత కట్టారో, ఈ ఏడు ఎంత కట్టారో అడిగి చూడండి. ఆ రెండు అంకెలూ రాసి పంపితే నేను వేసుకున్న 10 శాతం ఎక్కువో తక్కువో చూసి మళ్ళీ లెక్క కడతాను.