పాత భట్టీకి కొత్త కంట్రోలర్

ప్రశ్న: మేం బల్లార్‌పూర్‌లో ఉంటాం. ప్రమిదలు, చిన్న చిన్న మట్టి కప్పులు చేసి అమ్ముతాను. ఈ మధ్య నాగపూర్‌లో మూసేసిన ఒక వర్క్‌షాప్ నుంచి పాత కరెంటు భట్టీ కొన్నాను. ప్లేటు మీద సింగిల్ ఫేజ్, 230 వోల్టులు, 6 కిలోవాట్లు అని ఉంది. లో, మీడియం, హై స్విచ్, ఒక తిప్పుడు టైమర్, అంతే. రాత్రి రెండింటికి లేచి స్విచ్ తిప్పలేక చస్తున్నాను, పోయినసారి నిద్ర పట్టేసి కప్పులన్నీ వంకర్లు పోయాయి. ఆటోమేటిక్ టెంపరేచర్ కంట్రోలర్ పెట్టించుకోవచ్చా? మా ఎలక్ట్రీషియన్ "ఒక్క పూటలో బిగించేస్తా తాయీ" అంటున్నాడు.

జవాబు: పెట్టించుకోవచ్చమ్మా, పాత భట్టీ అయినా నిక్షేపంగా పని చేస్తుంది. కాకపోతే డబ్బు కంట్రోలర్ మీద పెట్టే ముందు రెండు కొలతలు తీయించండి. కంట్రోలర్‌కి వేడి పుట్టించడం రాదు, కరెంటు వదలడం, ఆపడం మాత్రమే వచ్చు.

ఒకటి, మెయిన్ పూర్తిగా తీసేసి, స్విచ్ హైలో పెట్టి, మల్టీమీటరుతో కాయిల్స్ మొత్తం ఎన్ని ఓమ్స్ ఉన్నాయో చూడమనండి. 230 వోల్టుల మీద 6 కిలోవాట్లు రావాలంటే 8.8 దగ్గర ఉండాలి, 10 చూపించిందంటే కాయిల్స్ ముసలివైపోయాయి, ముందు అవి మార్చాలి. కొలిచేటప్పుడు కాయిల్‌ని వేలితో కదిపి చూడొద్దని చెప్పండి, ఒకసారి బాగా కాలిన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు అప్పడంలా విరుగుతుంది. రెండోది, భట్టీ నడుస్తుండగా సాయంత్రం ఏడింటికి వోల్టేజీ ఎంతుందో చూడటం. చంద్రపూర్ థర్మల్ స్టేషన్ పక్కనే ఉంది కదా అని ధీమా వద్దు, మీ వీధిలో 200కి పడిపోతే మీ 6 కిలోవాట్లు నాలుగున్నర అయిపోతాయి, అప్పుడు ఎంత ఖరీదైన కంట్రోలర్ పెట్టినా డిగ్రీల అంకె పైకి పాకదు.

ఈ రెండూ బాగుంటే కొనండి. ఒకే ఒక్క టెంపరేచర్ సెట్ చేసేవి చవగ్గా దొరుకుతాయి, అవి మీకు పనికిరావు. గంటకి ఇన్ని డిగ్రీలు ఎక్కాలి, ఇక్కడ ఇంతసేపు ఆగాలి అని మెట్లు మెట్లుగా చెప్పుకునే ర్యాంప్-సోక్ రకం కావాలని అడగండి. మట్టిలో మిగిలిన తడి 100 డిగ్రీల దగ్గర ఆవిరై కుండని పగలగొడుతుంది, 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, ఈ రెండు చోట్లా నెమ్మదిగా పోవాలి. వానాకాలంలో అయితే 100 లోపే ఓ రెండు గంటలు నిలబెట్టండి.

ఇక థర్మోకపుల్, అంటే భట్టీ లోపల వేడి ఎంతుందో కంట్రోలర్‌కి చెప్పే కడ్డీ. 1050 లోపు కాల్చుకునే ప్రమిదలకి కె టైప్ చాలు, 1220 దాకా వెళ్ళే గ్లేజులైతే (కప్పుల మీద గాజులా మెరిసే పూతలు) ఎస్ టైప్, అందులో ప్లాటినం ఉంటుంది కాబట్టి ధర చూసి గుండె ఆగినంత పనవుతుంది. దాని నుంచి కంట్రోలర్ దాకా మామూలు రాగి తీగ లాగొద్దు. ఇది నేను స్వయంగా చేసిన ఘనకార్యం: ఇంట్లో ఉన్న బెల్లు తీగతో కలిపేశాను, జాయింటు వేడి గోడ పక్కన 90 డిగ్రీల దగ్గర, కంట్రోలర్ ఉన్నచోట 40, ఆ తేడా యాభై డిగ్రీలూ లెక్కలోంచి ఎగిరిపోయింది. కంట్రోలర్ తక్కువే చూపిస్తూ ఇంకా ఇంకా కాల్చింది, గ్లేజంతా కారి కప్పులు పలకకి అతుక్కుపోయాయి, సుత్తితో కొట్టి తీశాను. మీ థర్మోకపుల్ ఏ టైపో అదే టైప్ కాంపెన్సేటింగ్ కేబుల్ (ఈ తేడా రాకుండా చూసే ప్రత్యేకమైన తీగ) అడిగి తెచ్చుకోండి. అమెరికా పద్ధతి రంగులున్న కేబుల్లో ఎర్ర తీగ మైనస్, మన ఎలక్ట్రీషియన్ల చెయ్యి అలవాటుగా దాన్ని ప్లస్‌కి పట్టుకుపోతుంది. బిగించాక థర్మోకపుల్ కొసకి లైటర్ చూపించండి, అంకె పెరగాలి, తగ్గితే తీగలు తిరగబడ్డట్టు.

"ఒక్క పూట" అన్నాడు కదా, అతను ఏం బిగిస్తాడో అడగండి. మీ భట్టీ 26 ఆంపియర్లు లాగుతుంది, కంట్రోలర్ లోపలి చిన్న రిలే (కరెంటు వదిలి ఆపే స్విచ్) అంత మోయలేదు. మధ్యలో ఎస్ఎస్ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, కదిలే భాగాలు లేని స్విచ్) పెట్టాలి, 40 ఆంపియర్లది, దాని వేడిని లాగేసే మంచి హీట్ సింకుతో. అదే ముప్ఫై వాట్ల దాకా వేడి కక్కుతుంది, మన మే నెల 45 డిగ్రీలు దానికి తోడు, అందుకని డబ్బా భట్టీ ఒంటికి కాకుండా గోడకి కొట్టించండి. అసలు భయం ఏమిటంటే, ఎస్ఎస్ఆర్ చచ్చేటప్పుడు ఎక్కువగా ఆన్‌లోనే చస్తుంది, కంట్రోలర్ ఆపమన్నా కరెంటు పోతూనే ఉంటుంది. కాబట్టి దానికి ముందు ఒక కాంటాక్టర్ (అయస్కాంతంతో పనిచేసే పెద్ద స్విచ్) ఉండి తీరాలి. దాన్ని ఆన్‌లో పట్టి ఉంచే చిన్న కాయిల్‌కి వెళ్ళే కరెంటుని కంట్రోలర్ అలారం (వేడి హద్దు మీరితే పనిచేసే స్విచ్) గుండా, మీ పాత టైమర్ గుండా పంపమనండి. థర్మోకపుల్ కన్నంలోంచి జారిపోతే కంట్రోలర్ గుడ్డిదే, టైమర్ మాత్రం తన గంటలు అయిపోగానే కట్ చేస్తుంది. ఆ టైమర్‌ని పాత చెత్త అని పీకేయనివ్వకండి. 32 ఆంపియర్ల ఎంసీబీ, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, భట్టీ రేకుకి ఎర్త్, వీటి గురించి బేరాలొద్దు.

మొదట ఖాళీ భట్టీలో 600 దగ్గర ఆటోట్యూన్ చేయండి, అంటే మీ భట్టీ ఎలా వేడెక్కుతుందో కంట్రోలర్ తనే నేర్చుకుంటుంది. తర్వాత మూడు నాలుగు సార్లు పైరోమెట్రిక్ కోన్ (ఫలానా వేడికి వంగిపోయే చిన్న మట్టి ముక్క) లోపల పెట్టి కంట్రోలర్ అంకెతో సరిచూసుకోండి, అవన్నీ పగటిపూటే, పక్కన కుర్చీ వేసుకుని. కరెంటు పోయి వస్తే ప్రోగ్రాం ఆగినచోట నుంచి సాగుతుందా, మొదటికి వస్తుందా అన్నది కూడా మెనూలో ఉంటుంది, దీపావళి ఆర్డర్లు భట్టీలో పెట్టకముందే ఒకసారి మెయిన్ తీసి వేసి చూడండి.