అనుమానితుడా, నిందితుడా?

సందేహం: నాకు బ్రిటిష్ పోలీసు సిరీస్‌లంటే పిచ్చి. ఒక ఎపిసోడ్ గురించి రాస్తూ, స్టేషన్‌కి పిలిపించి ప్రశ్నించిన మనిషిని ‘నిందితుడు’ అన్నాను. మా బావ ఒప్పుకోడు, ‘అనుమానితుడు’ అనాలంటాడు. నాకేమో అనుమానితుడంటే అనుమానించేవాడేమో అనిపిస్తోంది. ఏది సరి? అసలు ఈ తరహా కథల్ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ బావగారిదే రైటు. అనుమానితుడంటే అనుమానానికి గురైనవాడు, ఆడమనిషైతే అనుమానితురాలు. ఊరికే అందర్నీ అనుమానించేవాడికి మనకు వేరే మంచి మాట ఉంది, అనుమానప్పక్షి. ఈ సిరీస్‌లు చూసేటప్పుడు మనందరం ఆ పక్షులమే లెండి, రెండో ఎపిసోడ్‌కల్లా చర్చి ఫాదర్ని కూడా వదలం.

నిందితుడు అనాలంటే మాత్రం ఆ మనిషి మీద నేరం మోపి ఉండాలి. మన దగ్గర ఎఫ్‌ఐఆర్‌లో పేరు ఎక్కగానే ఏ1, ఏ2 అంటూ నంబర్లు పడిపోతాయి కాబట్టి పేపర్లలో ఆ మాట తొందరగా వచ్చేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో అరెస్టు చేశాక కూడా అతను అనుమానితుడే. హత్యలాంటి పెద్ద కేసుల్లో అభియోగం మోపాలా వద్దా అన్నది తేల్చేది పోలీసులు కాదు, క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ అనే వేరే సంస్థ. వాళ్లు సరేనన్నాక నిందితుడు, కోర్టు తేల్చాక దోషి. (మధ్యలో మన ముద్దాయి ఉన్నాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి పాపం బోనెక్కాడు.)

ఇదేదో వ్యాకరణం పట్టింపు అనుకోకండి. అనుమానితుడికీ నిందితుడికీ మధ్య ఉన్న ఆ దూరంలోనే ఈ సిరీస్‌ల మజా అంతా ఉంది. 1991లో హెలెన్ మిరెన్ నటించిన ‘ప్రైమ్ సస్పెక్ట్’ తీసుకోండి. అందులో అనుమానితుడు మొదట్లోనే దొరికిపోతాడు, అయినా నిలబడే సాక్ష్యం లేక వదిలెయ్యాల్సి వస్తుంది. ఇక అక్కణ్నుంచి ఎవరు చేశారన్నది కాదు, ఎలా రుజువు చేస్తారన్నదే మనల్ని కూర్చోబెడుతుంది. ఆ పేరును చాలామంది ‘ప్రధాన నిందితుడు’ అనేస్తారు గానీ, అలా అంటే కథ అక్కడే అయిపోయినట్టు!

ఇంటర్వ్యూ గది సీన్ ఒకసారి మాటల మీద దృష్టిపెట్టి చూడండి. రికార్డర్ నొక్కగానే బీప్‌మని ఒక పొడుగాటి మోత, ఆ తర్వాత అధికారి తేదీ, టైము, గదిలో ఎవరెవరున్నారో చదువుతారు, పక్కన లాయరు ఉంటాడు. మీరేమీ చెప్పక్కర్లేదు, కానీ ఇప్పుడు అడిగితే చెప్పనిదాన్ని రేపు కోర్టులో ఆధారంగా చూపిస్తే మీ వాదనకు నష్టం జరగొచ్చు అని హెచ్చరిస్తారు (ఈ రెండో ముక్క 1994 చట్టం తర్వాత చేరింది). ఫొటో ఒకటి ముందుకు తోసి, ఫలానా ఫొటో చూపిస్తున్నాను అని రికార్డు కోసం పైకి చెబుతారు. అవతలివాడు ‘నో కామెంట్’ అంటాడు. లాఠీ లేదు, అరుపు లేదు, మామూలుగా 24 గంటల్లో ఛార్జ్ చెయ్యాలి లేదా వదిలెయ్యాలి, పెద్ద నేరమైతే సూపరింటెండెంట్ అనుమతితో 36, మేజిస్ట్రేట్ ఒప్పుకుంటే ఎంత పెంచినా 96. టెన్షన్ అంతా ఆ గడియారంలోంచే వస్తుంది.

ఇంకో సంగతి. సంస్కృత తర్కంలో అనుమానం అంటే డౌటు కాదు, పొగను చూసి కొండ మీద నిప్పుందని తేల్చుకోవడం, అంటే నిజాన్ని తెలుసుకునే ఒక మార్గం (ప్రమాణం). తెలుగులో అదే మాట డౌటైపోయి, పెనుభూతం దాకా వెళ్లింది. చూసేవాళ్లం మనం తెలుగు అనుమానంతో కొట్టుకుంటుంటే, తెర మీద ఇన్‌స్పెక్టర్ సంస్కృత అనుమానంతో పని చేసుకుపోతుంటారు. నేను వీటికి అతుక్కుపోవడానికి సగం కారణం అదే.

ఇక పేరు సంగతి. ‘అపరాధ పరిశోధన’ అంటే మనకు పాత నవలల ప్రైవేటు డిటెక్టివ్, ఆయన అసిస్టెంటు గుర్తొస్తారు, అది వాళ్లకే ఉంచుదాం. బ్రిటిష్ పోలీసుల్లో డిటెక్టివ్ అన్నది హోదా ముందు తగిలించే మాట, డిటెక్టివ్ సార్జెంట్, డిటెక్టివ్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ అని, అంటే నేర దర్యాప్తు విభాగం వాళ్లని. ‘విచారణ’ అందామంటే అది కోర్టుకూ ఉంది. ‘విధానపరమైన రహస్య ధారావాహిక’ లాంటిది ఎక్కడో చూశాను, పన్నుల శాఖ సర్క్యులర్‌లా ఉంది. పోలీసులు చేసేదాన్ని మన జనం ఎప్పట్నుంచో దర్యాప్తు అంటున్నారు, అది ఫార్సీ నుంచి వచ్చినా మనదైపోయింది. కాబట్టి ‘పోలీసు దర్యాప్తు కథలు’ అనండి, చాలు. మీ వాక్యాన్ని ‘దర్యాప్తులో భాగంగా అనుమానితుణ్ని పిలిపించి ప్రశ్నించారు’ అని దిద్దుకోండి. ఆఖరి ఎపిసోడ్‌లో ఛార్జ్ చేస్తే అప్పుడు నిందితుడని రాసుకోవచ్చు, మీ బావగారు కూడా ఏమీ అనరు.